పల్లె బడిలో తాగడానికి వాన నీరా, బోరు నీరా: ఏది మేలు?

బోరు నీరు చూడటానికి తేటగా, చల్లగా ఉంటుంది. పిల్లలు దోసిలి పట్టి గటగటా తాగేస్తారు. అందులో ఫ్లోరైడ్ ఉన్నా, ఆర్సెనిక్ అనే విషం ఉన్నా కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. డాబా మీదనుంచి దిగిన వాన నీటిలో నలక కనిపిస్తే మాత్రం అందరూ ముఖం చిట్లిస్తారు. ఈ రెండింటినీ తూచేటప్పుడు నేను మొదట చూసేది ఒకటే: నీటిలోని దోషాన్ని బడి వాళ్లు తమంతట తాము తీర్చుకోగలరా?

ఫ్లోరైడ్ విషయంలో తీర్చుకోలేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. దాటిన నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. క్లోరిన్ దాన్ని ఏమీ చేయదు. వడపోత యంత్రాలు ఉన్నాయి, నిజమే. వాటికి కరెంటు, విడిభాగాలు, బాగుచేసే మనిషి కావాలి. ఈలోగా చిగుళ్లలో తయారవుతున్న పిల్లల శాశ్వత దంతాలకు జరిగే నష్టాన్ని ఆ తరువాత ఏ మంచి నీరూ వెనక్కి తీసుకోలేదు.

వాన నీటి దోషం వేరు. ఆకాశం నుంచి పడేటప్పుడు దానిలో లవణాలు దాదాపు ఉండవు. కప్పు మీద పక్షుల రెట్టలు, దుమ్ము, కుళ్లిన ఆకులు తాకినప్పుడే సూక్ష్మజీవులు చేరతాయి. వాటిని చంపడం ఒక ఉపాధ్యాయుడి చేతిలో పని. కప్పు కడిగిన మొదటి నీటిని, చదరపు మీటరుకు కనీసం అర లీటరు నుంచి 2 లీటర్ల దాకా, ట్యాంకులోకి పోనివ్వకుండా పారబోయాలి. మిగిలిన నీటిని వడగట్టి క్లోరిన్ కలిపి, అరగంట తరువాత లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలిందో లేదో చూడాలి. నీరు మడ్డిగా ఉంటే క్లోరిన్ సరిగా పనిచేయదు కనుక వడగట్టడం ముందు, మందు తరువాత. ట్యాంకులోకి వెలుతురు సోకకపోతే నాచు పట్టదు. సందులన్నిటికీ సన్నని వల బిగిస్తే దోమలు చేరవు.

మరి చాలుతుందా? ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. అయిదో వంతు వృథా పోయినా 1,12,000 లీటర్లు చేతికొస్తాయి. 150 మంది పిల్లలకు రోజుకు 2 లీటర్ల చొప్పున 220 పనిదినాలకు కావలసింది 66,000 లీటర్లు. తాగడానికి పుష్కలం. చేతులు కడగడం, మరుగుదొడ్లు కలిపితే మాత్రం చాలదు. నిల్వ సంగతి ఇంకా ముఖ్యం: వానలు లేని నెలల్లో బడి 100 రోజులు నడిస్తే 30,000 లీటర్లు పట్టే ట్యాంకు ఉండాలి. ఎక్కువ ఖర్చు ఇక్కడే, పథకాలు తప్పటడుగు వేసేదీ ఇక్కడే. చిన్న ట్యాంకు పెడితే వానాకాలమంతా పొంగిపొర్లి, ఎండాకాలం రాకముందే అడుగంటుతుంది.

వాన నీటికి నేను ఓటు వేయని చోట్లూ ఉన్నాయి. ఆస్‌బెస్టాస్ రేకులు, సీసం కలిసిన రంగు వేసిన కప్పు, గడ్డి కప్పు ఉన్న బడిలో తాగునీటికి అది వద్దు. పరీక్షలో బోరు నీరు శుభ్రమని తేలితే, బోరు చుట్టూ గట్టి గచ్చు ఉండి మరుగుదొడ్డి గుంత దూరంగా ఉంటే, కొత్తగా ట్యాంకు కట్టే తొందర అవసరం లేదు. ట్యాంకరు నీరు అత్యవసరానికే. ఎక్కడ నింపారో, దారిలో ఏం కలిసిందో చెప్పేవారుండరు.

బోరులో ఫ్లోరైడ్ ఉన్న బడికి నా సలహా: తాగడానికి వాన నీరు, కడగడానికి బోరు నీరు. గొట్టాలు వేరు, కుళాయిలు వేరు, రంగులు వేరు. చిన్న పిల్లలు పొరబడకుండా బోరు కుళాయిని తాగే చోటికి దూరంగా పెట్టాలి. ఇంకొక జాగ్రత్త సులభంగా మరిచిపోతారు: సెలవుల్లో పడే మొదటి వాన. అప్పుడు బడికి తాళం వేసి ఉంటుంది, మురికంతా నేరుగా ట్యాంకులోకి దిగుతుంది. ఆఖరి పనిదినం సాయంత్రం ట్యాంకులోకి వెళ్లే గొట్టాన్ని మూసి, తాళంచెవితో పాటు ఆ బాధ్యతను కూడా ఊళ్లో ఉండే ఒక మనిషికి అప్పగించి వెళ్లాలి.