నాలుగేళ్లుగా ఒకే కార్బన్ స్టీల్ వోక్‌లో ఫ్రైడ్ రైస్ చేస్తున్నా, నా రివ్యూ

ముందే చెప్పేస్తా, రెస్టారెంట్ రుచి వచ్చేస్తుందని వోక్, అదే చైనా వాళ్ళ లోతైన మూకుడు, కొనకండి. నేను అలాగే కొన్నా. 14 అంగుళాలది, కింద కొంచెం చదునుగా ఉండే రకం, నాలుగేళ్ల నుంచి వారానికి ఒకసారైనా దాంట్లో ఫ్రైడ్ రైస్ పడుతూనే ఉంది. ఇప్పటికీ నాకిష్టమే, కాకపోతే కొన్న కారణం వేరు, ఇష్టపడే కారణం వేరు.

అంతకుముందు నాన్‌స్టిక్‌లో చేసేదాన్ని. ఆ కోటింగ్ 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుందంట, ఫ్రైడ్ రైస్‌కేమో గిన్నె పొగలు కక్కాలి, ఇక ఆ రెండిటికీ ఎక్కడ కుదురుతుంది.

కొత్త వోక్ వచ్చిన రోజు మాత్రం నరకం చూశా. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన నూనె ఉంటుంది కదా, దాన్ని సబ్బేసి పీచుతో రుద్ది రుద్ది వదిలించి, ఖాళీ వోక్‌ని స్టవ్ మీద నీలంగా తిరిగేదాకా కాల్చి, పల్చగా నూనె రాసి మళ్ళీ కాల్చి, అలా మూడుసార్లు చేసేసరికి ఇల్లంతా పొగ. దీన్నే సీజనింగ్ అంటారు, అంటే జిడ్డు కాదండీ, వేడికి నూనె గట్టిపడి స్టీలుకి పట్టేసే పొర. ఇంత చేసినా రెండు నెలలు గుడ్డు అంటుకుంటూనే ఉంది, తిట్టుకుంటూ గీకేదాన్ని. ఇప్పుడు నల్లగా నిగనిగలాడుతోంది, గుడ్డు వేస్తే జారిపోతుంది. మధ్యలో ఒకసారి దాంట్లో టమాటా సాస్ మరిగించా, పులుపుకి పొర సగం లేచిపోయింది. ఇంకోసారి రాత్రి నీళ్ళు పోసి నానబెట్టి పడుకుంటే పొద్దున్నకి తుప్పు. రెండుసార్లూ మొదటి నుంచి కాల్చుకోవాల్సొచ్చింది, తప్పు నాదే.

అసలు విషయం వాయి దగ్గర ఉంది. దక్షిణ చైనాలోని కాంటనీస్ వాళ్ళు వోక్ హే అంటారు, వోక్ ఊపిరి అని, ఆ కాస్త పొగ వాసన. రెస్టారెంట్ బర్నర్ మంట ముందు మన ఇంటి స్టవ్ ఎందుకూ పనికిరాదు. నలుగురికీ సరిపడా అన్నం ఒకేసారి కుమ్మరించామా, వోక్ చల్లబడిపోయి అన్నం వేగడం మానేసి ఉడకడం మొదలెడుతుంది. ఏడాది పాటు వోక్ బాలేదనే అనుకున్నా! ఇప్పుడు వాయికి రెండు కప్పుల అన్నమే, పొగ లేచాకే నూనె, ముందు గుడ్డు వేసి తీసేస్తా, తర్వాత అన్నం, చివర్లో సోయా సాస్ అంచుల మీద పోస్తా, వేడి లోహానికి తగిలి చుర్రుమంటుంది చూడండి, ఇంట్లో వచ్చే వోక్ హే అంతా అక్కడే. మొదట్లో డార్క్ సోయా గుమ్మరించేదాన్ని, అన్నం నల్లగా బొగ్గులా ఉండేది, అది రంగు కోసమే, ఉప్పదనం లైట్ సోయాది. చైనాలోని యాంగ్‌జౌ ఊరి పేరుతో ఉన్న ఫ్రైడ్ రైస్‌కైతే సోయా లేకుండా ఉప్పుతోనే చేస్తారు, నాకిప్పుడు అదే ఎక్కువ నచ్చుతోంది.

అన్నం సంగతి కూడా చెప్పాలి. ఫ్రిజ్‌లో పెట్టిన నిన్నటి అన్నం ఎందుకు బాగుంటుందంటే చల్లదనానికి గంజి మళ్ళీ గట్టిపడి మెతుకు మెతుకు విడిపోతుంది. నిన్నటిది కదా అని రాత్రంతా బయట వదిలేసింది మాత్రం వాడొద్దు. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు (స్పోర్లు) అన్నం ఉడికినా చావవు, అన్నం బయట ఉంటే అవి పెరిగి విషం చేస్తాయి, ఆ విషం మళ్ళీ వేయించినా పోదు. వండగానే పళ్ళెంలో పల్చగా పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తా. టైం లేనప్పుడు అరగంట ఫ్యాన్ కింద ఆరబెట్టినా పర్లేదు, ముద్ద కాదు.

బాగోనివి ఏంటంటే బరువు. నిండా ఉన్నప్పుడు ఒక చేత్తో ఎగరేయడం నావల్ల కాదు, గరిటతోనే తిప్పుతా. హ్యాండిల్ స్క్రూ ఆరు నెలలకోసారి వదులవుతుంది. చిమ్నీ లేకపోతే పొగతో దగ్గు ఖాయం. కడిగాక స్టవ్ మీద ఆరబెట్టి చుక్క నూనె రాసే ఓపిక లేనివాళ్ళకి ఇది అస్సలు వద్దు. ఇంట్లో ఎప్పుడూ ఎనిమిది మందికి వండేవాళ్ళకీ వద్దు, నాలుగు వాయిలు తీసేసరికి మొదట తిన్నవాళ్ళు చేతులు కడిగేసుకుంటారు, ఆఖరి వాయి వోక్‌లోంచే తినేది నేనొక్కదాన్నే.