చీర్ కోచ్‌గా నేషనల్ చాంపియన్ మేలా, పతకం లేని కోచ్ మేలా?

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే టెక్సస్‌లో మా ఫ్రిస్కోలో, పిల్లలకి తెలుగు నేర్పే మనబడి క్లాసు బయట, కార్ల దగ్గర ఒకటే చర్చ. "అక్కా, ఆ జిమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నేషనల్ చాంపియనట కదా, మా పాపని అక్కడ వేస్తే ఎలా ఉంటుంది?" మే నెలలో ఆల్‌స్టార్ టీముల (బడితో సంబంధం లేకుండా ప్రైవేటు జిమ్‌లు నడిపే పోటీ టీములు) ట్రైఅవుట్లు, అంటే ఎంపికలు. ఒకసారి ఒక జిమ్‌లో పేరు రాయించుకుంటే ఏడాదంతా అక్కడే, ఫీజు కూడా ఏడాదికీ కట్టాల్సిందే. అందుకే టెన్షన్. మేం రెండేళ్ల కిందట చాంపియన్ కోసమే ఒక జిమ్‌కి మారాం. సీజన్ అయిపోయాక అక్కడినుంచి ఇంకో చోటికి మారాం. అప్పటినుంచి అందరూ నన్నే అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మకి చీర్‌లీడర్ అంటే ఇప్పటికీ ఐపీఎల్‌లో సిక్స్ కొట్టినప్పుడు గంతులేసే అమ్మాయిలే. మనవరాలి వీడియో పంపితే రెండుసార్లు చూసి, "ఇది డ్యాన్స్ కాదే, సర్కస్" అంది. తొమ్మిదేళ్ల పిల్లని ముగ్గురు పిల్లలు భుజాల ఎత్తుకి లేపి, వదిలి, మళ్లీ పట్టుకుంటారు. నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఆటల్లో జరిగే అతి తీవ్రమైన ప్రమాదాలని దశాబ్దాలుగా లెక్కగట్టే కేంద్రం ఒకటుంది. అమ్మాయిల ఆటల్లో చీర్ పేరు ఆ లెక్కల్లో పైనే ఉంటూ వచ్చింది. కాబట్టి నేర్పేది ఎవరన్నది డ్రెస్సు రంగు లాంటి విషయం కాదు.

చాంపియన్ సంగతి ముందు చెబుతాను. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు. డేటోనా బీచ్‌లో కాలేజీ నేషనల్స్ గెలిచిన టీములు ట్రోఫీ పట్టుకుని సముద్రంలోకి పరుగెత్తడం ఆనవాయితీ. అలా పరుగెత్తుతున్న ఈమె ఫోటో జిమ్ గోడమీద ఉండేది. పిల్లలు నీళ్లు తాగడానికి వెళ్తూ దాన్ని ఒకసారి తాకి వెళ్లేవాళ్లు. పదకొండు దాకా మేలుకునే మా పిల్ల ఆమె ఒక్క మాట చెప్పిందని తొమ్మిదింటికే పడుకునేది. నేను ఏడేళ్లుగా చెబుతున్న మాటే అది! రెండున్నర నిమిషాల రొటీన్‌లో జడ్జీలు ఎక్కడ చూస్తారో, ఎక్కడ అర పాయింటు పోతుందో, చెయ్యి ఎంత బిగువుగా ఉండాలో, నవ్వు ఎక్కడ చెదరకూడదో ఆమెకి తెలిసినట్టు నాకు కనిపించిన ఇంకెవరికీ తెలియదు. జంప్స్ ఆమె చేసి చూపిస్తే చాలు, పిల్లలు చూసి పట్టేసేవాళ్లు. ఇవన్నీ నిజమైన లాభాలు. చాంపియన్ అనగానే పెదవి విరిచేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

ఇబ్బంది వచ్చింది బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ దగ్గర. వెనక్కి ఎగిరి, చేతులమీద ఆని, మళ్లీ కాళ్లమీదికి రావడం అది. లెవెల్ 1 నుంచి లెవెల్ 2కి వెళ్లాలంటే దాటాల్సిన గడప అదే. మా పిల్ల సెప్టెంబర్లో చేసేసింది. అక్టోబర్లో ఒకరోజు చేతులు సరిగా ఆనక తల మ్యాట్‌కి తగిలింది. దెబ్బేం కాలేదు, డాక్టర్ కూడా చూశాడు. కానీ ఆ మర్నాటి నుంచి మ్యాట్ మీద నిలబడి చేతులు పైకెత్తేది, అంతే, ఆగిపోయేది. జిమ్ భాషలో దీన్ని మెంటల్ బ్లాక్ అంటారు, చీర్ పిల్లల తల్లులకి కొత్త కాదు. చాంపియన్ ఏం చేసిందంటే, తను చేసి చూపించింది. ఒకసారి కాదు, పదిసార్లు. ఎంతో అందంగా. "ఏమీ ఆలోచించకు, వేసెయ్" అంది. మా పిల్ల ఆలోచించకుండా ఉండటానికి చాలా కష్టపడింది, ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో ఏడ్చింది.

ఆ అమ్మాయిది తప్పని నేననను. నాలుగేళ్లప్పుడు దొర్లుతూ నేర్చుకున్న విద్య అది, ఎప్పుడు వచ్చిందో ఆమెకే గుర్తు లేదు. మనకి తెలుగు ఎలా వచ్చిందో మనం చెప్పగలమా? మనబడిలో పాఠం చెప్పడానికి నిలబడిన రోజున తెలిసింది నాకు, "వెళ్తాను"కీ "వెళ్లాను"కీ తేడా ఒక అమెరికా పిల్లవాడికి చెప్పడం ఎంత కష్టమో.

అయితే ఇది చాంపియన్లందరి లోపమని కూడా అనుకోకండి. నా లెక్కలో అసలు తేల్చే సంగతి పతకం ఉందా లేదా అన్నది కానే కాదు. ఆ పతకం వచ్చినప్పుడు ఆమె ఎక్కడ నిలబడింది అన్నది. చీర్‌లో ఒక్కరే గెలవరు కదా, టీములో ఇరవై మంది ఉంటారు. పైన నిలబడేది ఫ్లయర్. కింద పాదాలు పట్టుకునేవాళ్లు బేస్‌లు. వెనక నిలబడి చీలమండలు పట్టుకుని, ఫ్లయర్ జారితే తల, భుజాలు నేలకి తగలకుండా అందుకునేది బ్యాక్‌స్పాట్. అందరికీ అదే పతకం, అదే జాకెట్. కానీ వాళ్లు నేర్చుకున్నవి ఒకటి కావు. ఫ్లయర్ నేర్చుకున్నది తన ఒళ్లు బిగబట్టుకోవడం, ఎదురుగా చూసి నవ్వడం, కిందివాళ్లని నమ్మడం. బ్యాక్‌స్పాట్ నాలుగేళ్లూ తల పైకెత్తి ఇంకొకరి ఒంటినే చూస్తూ నిలబడుతుంది. మోకాలు వణికితే ఏమవుతుంది, నడుము ఎటు వాలితే మనిషి ఎటు పడుతుంది, అరక్షణం ముందు పసిగట్టడమే ఆమె పని. పిల్లలకి నేర్పే కోచ్ పని కూడా సరిగ్గా ఇదే కదా.

మా చాంపియన్ ఫ్లయర్. టంబ్లింగ్, అంటే నేలమీద వేసే పల్టీలు, నేర్పేటప్పుడు పిల్ల నడుం కింద చెయ్యి పెట్టి దాటించాలి, స్పాటింగ్ అంటారు. ఆమె చెయ్యి అరక్షణం ఆలస్యంగా వచ్చేది. మొదట్లో నాకు అర్థం కాలేదు, గాజు తలుపు ఇవతల కూర్చుని ఫోన్ చూసుకునేదాన్ని. తర్వాత గమనించాను, మా పిల్ల వెనక్కి వాలే ముందు ఒకసారి ఆ చేతివైపు చూసేది. ఆ చెయ్యి ఇంకా వచ్చి ఉండేది కాదు.

ఇక రెండో ఆవిడ. నలభై దాటాయి, మోకాలికి పట్టీ ఉంటుంది, ఏమీ చేసి చూపించదు. హైస్కూల్లో బ్యాక్‌స్పాట్, జాతీయ స్థాయిలో ఏమీ గెలవలేదు. పదహారేళ్లుగా టైనీ, మినీ, యూత్ అనే చిన్న వయసు టీముల పిల్లలకే నేర్పుతోంది. మొదటిరోజు మా పిల్లని బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ చేయమనలేదు. "నువ్వు భయపడకుండా చేయగలిగింది ఏంటి?" అని అడిగింది. పిల్ల సిగ్గుపడుతూ బ్రిడ్జ్ అంది, అంటే వెనక్కి వంగి చేతులూ కాళ్లూ ఆనించి వంతెనలా నిలబడటం. సరే, అక్కడినుంచే. తర్వాత పీపా లాంటి మెత్తని రోలర్ మీద వెనక్కి దొర్లించింది. ఆ తర్వాత చీజ్ మ్యాట్. జున్నుముక్కలా ఏటవాలుగా ఉంటుంది, కిందికి దిగుతూ చేస్తే వేగం దానంతటదే వస్తుంది. రెండు చేతులతో పట్టుకుని దాటించింది. రెండు వారాలకి ఒక చెయ్యి. తర్వాత రెండు వేళ్లు. ఆ తర్వాత చెయ్యి అక్కడే ఉండేది కానీ తగిలేది కాదు. పిల్లకి ఆ సంగతి చెప్పలేదు. ఏడో వారం చివర్లో చెప్పింది, "నాలుగు రోజులుగా నేను నిన్ను ముట్టుకోలేదు" అని.

మధ్యలో మూడో వారం మా ఆయన అడగనే అడిగాడు, "పిల్లిమొగ్గలు వేయించడానికా ఇంత ఫీజు?" అని. నిజమే, చూస్తే అలాగే ఉంటుంది. వెనక్కి తీసుకెళ్లే కోచ్‌కి డబ్బు కట్టాలంటే తల్లిదండ్రులకి ప్రాణం ఒప్పదు. పోటీ దగ్గర పడుతున్నప్పుడు "ఈ పిల్ల ఈ స్కిల్ ఈసారి చేయదు" అని చెప్పగలగడం ఆవిడ దగ్గర నేను చూసిన రెండో గుణం. ఇరవై రెండేళ్ల చాంపియన్‌కి అది మరీ కష్టం, ఆమెని జిమ్ తెచ్చుకున్నదే పిల్లలు త్వరగా లెవెల్ ఎక్కుతారని.

ఇక్కడ ఎవరో ఒకరు "మరి గోపీచంద్?" అంటారు. ప్రతిసారీ అంటారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడే కదా సైనా 2012లో, సింధు 2016లో ఒలింపిక్ పతకాలు గెలిచినప్పుడు కోచ్. నిజమే. కానీ ఆయన మోకాలికి ఆపరేషన్లు చేయించుకుని, మళ్లీ నడక దగ్గరినుంచి మొదలుపెట్టి ఆ టైటిల్ దాకా వెళ్లాడు. ఒంటికి వచ్చిన విద్య పోయి, దాన్ని ముక్కముక్కగా మళ్లీ సంపాదించుకున్న చాంపియన్ వేరు. ఆ గోపీచంద్‌కి కూడా చిన్నప్పుడు నేర్పినవాళ్లలో హైదరాబాద్ ఆరిఫ్ గారున్నారు. ద్రోణాచార్య అందుకున్న మనిషే కానీ, అంతర్జాతీయ టైటిళ్లు గెలిచిన ఆటగాడు కాదు.

అంత దూరం ఎందుకు, మా పక్కనే ప్లేనోలో వోగా జిమ్నాస్టిక్స్ ఉంది. 1994లో పెట్టినవాళ్లిద్దరూ చాంపియన్లే. 1988 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన వలేరి ల్యూకిన్ ఒకరు, అక్రోబాటిక్స్‌లో ప్రపంచ చాంపియన్ యెవ్‌గెనీ మార్చెంకో ఇంకొకరు. మార్చెంకో దగ్గర కార్లీ ప్యాటర్సన్ 2004లో, ల్యూకిన్ దగ్గర ఆయన కూతురు నాస్తియా 2008లో ఒలింపిక్ ఆల్‌రౌండ్ స్వర్ణం గెలిచారు. నా వాదనకి ఇది ఎదురే, దాచుకోను. అయితే హ్యూస్టన్ వైపు చూస్తే సిమోన్ బైల్స్‌ని చిన్నప్పటినుంచి 2016 రియో దాకా తయారుచేసిన ఏమీ బూర్మన్ చాంపియన్ కాదు. ఎలీట్ స్థాయికి ఆవిడ తీసుకెళ్లిన మొదటి పిల్ల సిమోనే. గొప్ప పేర్లు రెండువైపులా దొరుకుతాయి, వాటితో వాదన తేలదు.

పైగా అవన్నీ పైస్థాయి కథలు. డాలస్‌కి గంట దూరంలో కోర్సికానాలో నవారో కాలేజీ చీర్ టీముకి 2000 నుంచి పదికి పైగా జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టిన మోనికా ఆల్డామా గురించి కూడా అడుగుతుంటారు. ఆవిడ చదివింది ఫైనాన్స్, తర్వాత ఎంబీఏ. నలభై మందిని నడిపించడం, ఎవరిని మ్యాట్ మీదికి పంపాలో తేల్చడం ఆవిడ బలం. కానీ ఆవిడ దగ్గరికి వచ్చేసరికే ఆ పిల్లలకి పద్దెనిమిదేళ్లు, టంబ్లింగ్ అంతా వచ్చేసి ఉండేది. వాళ్లకి మొదటిసారి చేతులు నేలమీద ఆనించడం నేర్పినవాళ్లు వేరే ఎక్కడో ఉన్నారు. మన ఎనిమిదేళ్ల పిల్లలకి కావలసింది ఆ వేరేవాళ్లు.

అందుకని నా లెక్క ఇది. పదకొండు పన్నెండేళ్ల లోపు, లెవెల్ 3 కూడా దాటని పిల్లకి నేను పతకం లేని, చెయ్యి తిరిగిన బ్యాక్‌స్పాట్ కోచ్‌నే వెతుకుతాను. పద్నాలుగు దాటి, స్కిల్స్ అన్నీ చేతిలో ఉండి, హైస్కూల్ ప్రధాన టీము వర్సిటీకో కాలేజీకో ప్రయత్నించే అమ్మాయికైతే చాంపియన్ దగ్గరికి పంపుతాను. ట్రైఅవుట్‌లో ఏం చూస్తారో నిన్నమొన్న అక్కడ నిలబడి వచ్చినవాళ్లకే తెలుసు. చాంపియన్, అదీ బ్యాక్‌స్పాట్, చిన్నపిల్లలంటే ఓపిక కూడా ఉన్న మనిషి దొరికితే ఆలోచించకుండా డబ్బు కట్టేయండి. నాకు దొరకలేదు.

మిగతావి క్లుప్తంగా. జిమ్నాస్టిక్స్ కోచ్ దగ్గర టంబ్లింగ్ బ్రహ్మాండంగా వస్తుంది, మనిషిని పైకి లేపే స్టంట్లు రావు. హైస్కూల్ అమ్మాయిలు జూనియర్ కోచ్‌లుగా నడిపే క్లాసులు ఆటవిడుపుకి బాగుంటాయి, అంతే. యూట్యూబ్ చూసి ఇంట్లో పరుపుమీద చేయించేవాళ్లకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు, వద్దు తప్ప.

ఎవరి దగ్గరికి వెళ్లినా రెండు అడగాలి. ఆల్‌స్టార్ కోచ్‌లకి లెవెల్‌ని బట్టి యూఎస్ఏఎస్ఎఫ్ (ఆల్‌స్టార్ చీర్‌ని చూసుకునే సంస్థ) అర్హతలుంటాయి. మీ పిల్ల లెవెల్‌కి అది ఉందా లేదా అడగండి. సేఫ్‌స్పోర్ట్ శిక్షణ (ఆటల్లో పిల్లలపై వేధింపులు జరగకుండా ఇచ్చేది), బ్యాక్‌గ్రౌండ్ చెక్ సంగతి కూడా మొహమాటపడకుండా అడగండి. దేశమంతా అభిమానించిన ఒక చాంపియన్ చీర్‌లీడర్‌కే పిల్లల విషయంలో చేసిన నేరాలకి 2022లో పన్నెండేళ్ల శిక్ష పడింది. పతకం మనిషికి పూచీ కాదు. ఇంకొకటి, ట్రయల్ క్లాసులో మీ పిల్లని కాదు, కోచ్ కళ్లు చూడండి. పిల్ల గాల్లో ఉన్నప్పుడు ఆ కళ్లు ఎక్కడున్నాయి? ఒక జిమ్‌లో సగం సేపు అద్దంలో ఉన్నాయి. మేం అక్కడ చేరలేదు.

పాత చాంపియన్‌తో మాకు గొడవేం లేదు. ఇప్పుడు కూడా నెలకి రెండుసార్లు మా పిల్ల జంప్స్ కోసం ఆమె దగ్గరికే వెళ్తోంది. ఈ మధ్య హెర్కీ నేర్పుతోంది. ఒక కాలు చాచి, ఒక కాలు మడిచి ఎగిరే ఆ జంప్‌కి పేరిచ్చిన లారెన్స్ హెర్కిమర్ డాలస్ వాడేనని, 1948లో నేషనల్ చీర్‌లీడర్స్ అసోసియేషన్ పెట్టింది ఆయనేనని ఇంటికొచ్చి మాకు పాఠం చెప్పింది. టంబ్లింగ్, స్టంట్లు మాత్రం మోకాలి పట్టీ ఆవిడ దగ్గరే. రెండు జిమ్‌లకీ మధ్య ఇరవై నిమిషాలు, బుధవారం సాయంత్రం ట్రాఫిక్‌లో నలభై. ట్రైఅవుట్లు అయ్యాక మా దారిలో కార్‌పూల్‌కి ఎవరైనా వస్తారంటే చెప్పండి.