డిస్ఆనర్డ్ ముగింపుల గొడవలో నేనెటువైపు

మొదటి డిస్ఆనర్డ్ వీడియో గేమ్ 2012 అక్టోబరులో వచ్చింది. అప్పటినుంచి ఈ సిరీస్‌ని విడవకుండా ఆడుతున్నాను. దొంగచాటుగా సాగే గేములు చాలానే ఉన్నాయి. నీడల్లో నక్కడం, గార్డు అటు తిరిగేదాకా ఊపిరి బిగబట్టడం అన్నిట్లోనూ ఉంటుంది. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా అభిమానులు ముగింపు గురించి ఇంత పట్టుదలగా వాదించుకోవడం నేను ఈ సిరీస్ విషయంలోనే చూశాను. కథ మొత్తం విప్పి మాట్లాడబోతున్నాను కాబట్టి ఇంకా ఆడనివాళ్లు ఆడాక చదవండి.

అందరూ ముందుగా ఎత్తేది కేయాస్ సంగతి, అంటే మీరు ఎంత విచ్చలవిడిగా చంపారో గేమ్ వేసుకునే లెక్క. అది తక్కువగా ఉంటే లో కేయాస్, ఎక్కువైతే హై కేయాస్. సామ్రాజ్ఞి జెస్సమిన్‌ని చంపాడన్న నింద పడిన అంగరక్షకుడు కోర్వో. అతని చేతికి గేమ్ బోలెడన్ని ఆయుధాలిస్తుంది: కత్తి, క్రాస్‌బో, గ్రెనేడ్లు, ఎలుకల గుంపుని రప్పించి మనిషి మీదికి తోలే శక్తి. తీరా వాటిని ఇష్టమొచ్చినట్టు వాడితే కేయాస్ పెరిగి చీకటి ముగింపు వస్తుంది. బొమ్మలన్నీ ముందు పోసి, ముట్టుకుంటే చెయ్యి మీద కొట్టినట్టుందని చాలామంది కోపం. నేను ఈ మాట ఒప్పుకోను. కొందరిని చంపినా లో కేయాస్‌లోనే ఉండొచ్చు, ఒక్క ప్రాణానికే అంతా పాడైపోదు. పైగా డన్‌వాల్ నగరంలో ప్లేగు నడుస్తోంది. శవాలు ఎక్కువైతే ఎలుకలు ఎక్కువవుతాయి, కళ్లలోంచి రక్తం కారుతూ తిరిగే వీపర్లు ఎక్కువవుతారు. మీరు వీధుల నిండా శవాలు పరిచినా ఊరు ఎప్పటిలాగే ఉంటే అప్పుడు కదా కథ అబద్ధమయ్యేది!

అసలు హై కేయాస్ ముగింపుని శిక్ష అనడమే నాకు నచ్చదు. సిరీస్ మొత్తంలో గొప్ప రచన అందులోనే ఉంది. ఆఖరి మిషన్‌కి పడవ నడిపే ముసలాయన సామ్యూల్ మిమ్మల్ని కింగ్‌స్పారో దీవిలో దింపుతాడు. లో కేయాస్‌లో గౌరవంగా వీడ్కోలు చెబుతాడు. మీరు విచ్చలవిడిగా చంపుకుంటూ వచ్చివుంటే మాత్రం, మీరు చేసినవన్నీ చూసి అసహ్యం వేస్తోందని ముఖం మీదే అనేసి, పిస్టల్ గాల్లోకి పేలుస్తాడు. మీరు వచ్చారని గార్డులందరికీ తెలిసిపోవాలని! మొదటి మిషన్ నుంచీ మీ వెంట ఉన్నవాడు, మీ మిత్రులే కుట్రపన్ని మీకు పెట్టించిన విషం డోసు సగానికి తగ్గించి మీ ప్రాణం కాపాడినవాడు ఆ పని చేస్తాడు. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగే బాధ ఏ ఆఖరి వీడియోలోనూ లేదు.

ఆ దీవి లైట్‌హౌస్ పైన కూడా అంతే. లో కేయాస్‌లో ఆ కుట్ర నడిపిన అడ్మిరల్ హావ్‌లాక్ తన తోటి కుట్రదారులిద్దరికీ తానే విషం పెట్టి, వాళ్ల శవాలతో కలిసి బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు. హై కేయాస్‌లో కుండపోత వాన, ఉరుములు, జెస్సమిన్ కూతురు ఎమిలీని అంచున పట్టుకుని దూకేస్తానని బెదిరింపు. మీరు ఆలస్యం చేస్తే ఆ పిల్ల నిజంగానే పడిపోతుంది. మంచి ముగింపు బొమ్మల వరుసగా వచ్చి వెళ్లిపోతే, ఇది ఒంట్లో వణుకు పుట్టిస్తుంది.

ఎమిలీ బొమ్మల సంగతి చాలామంది గమనించరు. హౌండ్ పిట్స్ పబ్‌లో దాక్కున్న రోజుల్లో ఆ పిల్ల బొమ్మలు గీస్తూ ఉంటుంది. లో కేయాస్‌లో కోర్వో బొమ్మ గీసి 'నాన్న' అని రాస్తుంది. మీ చేతులు రక్తంలో మునిగేకొద్దీ ఆమె గీతలు కూడా భయంకరంగా మారిపోతాయి. నా దృష్టిలో ముగింపు అక్కడే మొదలవుతుంది.

రెండో గొడవ, చంపాల్సిన శత్రువులని చంపకుండా వదిలించుకునే దారుల గురించి. పెండిల్టన్ కవలల నాలుకలు కోయించి వాళ్ల సొంత గనుల్లోకే బానిసలుగా పంపడం క్రూరమే, కానీ వాళ్లు చేసిన పాపానికి అది తగిన శిక్ష అనిపిస్తుంది. లేడీ బాయిల్ విషయం అలాంటిది కాదు. ఆమె వెంటపడుతున్న ఒక పెద్దమనిషికి స్పృహలేని ఆమెని అప్పగించేస్తే, గేమ్ దాన్ని ప్రాణం తీయని మంచి పనుల లెక్కలో వేసుకుంటుంది. ఇంత నిశితంగా రాసిన కథ ఇక్కడ తడబడింది. ఇష్టమైన గేమే అయినా ఈ చోట దాన్ని సమర్థించను.

2016లో వచ్చిన రెండో భాగం మీద కథ బలహీనం అన్న మాట వినిపిస్తుంది. మంత్రగత్తె డెలైలా ఎమిలీ సింహాసనం లాక్కునే తొలి ఘట్టం హడావిడిగా ఉన్న మాట నిజమే. 2013లో, జెస్సమిన్‌ని నిజంగా చంపిన కిరాయి హంతకుడు దౌద్ పాత్రతో వచ్చిన రెండు అదనపు భాగాలు ఆడనివాళ్లకి ఆమె ఎవరో కూడా సరిగ్గా తెలియదు. అయినా స్టిల్టన్ భవనం మిషన్ ఒక్కటి ఉంటే చాలు, ఈ సిరీస్ ఏం చేయగలదో చూపించడానికి.

ఒక యంత్రంతో మీరు 1852కీ 1849కీ మధ్య అటూఇటూ తిరుగుతారు. ఒక కాలంలో భవనం శిథిలం, ఇంకో కాలంలో దీపాలు, అతిథులు. 1849లో ఆ రాత్రి డెలైలాని తిరిగి రప్పించడానికి జరిగిన తంతు చూసి ఇంటి యజమాని స్టిల్టన్‌కి మతి పోయింది. అతను లోపలికి వెళ్లకముందే స్పృహ తప్పిస్తే, తిరిగొచ్చేసరికి భవనం శుభ్రంగా ఉంటుంది, స్టిల్టన్ మామూలుగా మాట్లాడతాడు. ఓడ దగ్గరికి వెళితే దాని కెప్టెన్ మేగన్ ఫాస్టర్‌కి పోయిన చెయ్యీ కన్నూ రెండూ ఉంటాయి. అవి ఎప్పుడో పోయాయన్న సంగతి ఆమెకే తెలియదు, మీకు మాత్రమే తెలుసు. గేమ్ దాని గురించి డప్పు కొట్టదు. మొదటిసారి ఆమె రెండు చేతులూ చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

2017 నాటి డెత్ ఆఫ్ ది అవుట్‌సైడర్ దగ్గర అభిమానులు ఇంకా రెండుగా చీలిపోయారు. మిస్టరీగా ఉండాల్సిన నల్లకళ్ల దేవుడు అవుట్‌సైడర్‌ని మామూలు కుర్రాడిగా మార్చేశారని కొందరి బాధ. నాకు ఆ ముగింపు బాగా నచ్చింది. అవుట్‌సైడర్‌ని పూర్వం బలిచ్చి దేవుణ్ణి చేశారు. వాణ్ణి విడిపించాలంటే, వాణ్ణి చంపాలని పంతం పట్టి చనిపోయిన దౌద్ నోటితోనే వాడి అసలు పేరు పలికించాలి. పగబట్టినవాడి చేతే విముక్తి ఇప్పించడం గొప్ప ఆలోచన. నాకు నచ్చనిది వేరే ఉంది. ఇందులో కేయాస్ లేదు. దారిపొడవునా ఎంతమందిని చంపినా ఎవరూ పట్టించుకోరు, చివర్లో మాత్రం కరుణ గురించి అడుగుతారు. కేయాస్ వద్దని ఏళ్ల తరబడి అన్నవాళ్లు ఈ గేమ్‌ని మొదటిదానితో పోల్చి చూడాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దౌద్ అదనపు భాగాలని దాటేయకండి. డెలైలా బారినుంచి ఎమిలీని కాపాడింది దౌద్ అని డన్‌వాల్‌లో ఎవరికీ తెలియదు. అతనికి అతని అనుచరురాలు బిల్లీ లర్క్ చేసిన ద్రోహం కూడా అక్కడే ఉంది. ఆ బిల్లీయే తర్వాత మేగన్ ఫాస్టర్‌గా పేరు మార్చుకుని తిరుగుతుంది. అది తెలిసి ఆడితే చివరి గేమ్‌లో దౌద్‌తో ఆమె మాట్లాడే ప్రతి మాటా గుచ్చుకుంటుంది.