ముందు ఇరుసు, తర్వాతే ఇంజన్: ఇంట్లో కట్టుకున్న రోడ్‌స్టర్‌తో కొన్నేళ్లు

నా హాట్ రాడ్ (పాత కారు రూపానికి శక్తిమంతమైన ఇంజన్ బిగించి కట్టిన బండి) గురించి అడిగేవాళ్లలో చాలామంది ఇంజన్ దగ్గరే ఆగిపోతారు. హార్స్ పవర్ ఎంత, కార్బురేటర్ ఏది, వంద మైళ్లు అందుకుంటుందా అని. మా గ్యారేజీలో కట్టుకున్న ఈ రోడ్‌స్టర్‌ను, అంటే పైకప్పు లేని కారును, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఎండల్లోనూ, చలికాలపు పొగమంచులోనూ కొన్నేళ్లు నడిపిన మీదట నా అభిప్రాయం స్థిరపడింది. ఈ కారులో అన్నిటికన్నా తక్కువ ఇబ్బంది పెట్టింది ఇంజనే. కారు మీద ఇష్టాన్ని నిలబెట్టేవీ, విసుగు పుట్టించేవీ ముందు ఇరుసు, బ్రేకులు, రేడియేటర్. కొత్తగా కట్టుకునేవాళ్లు డబ్బూ ఓపికా ముందు ఈ మూడింటి మీద పెట్టి, ఆ తర్వాత ఇంజన్ వైపు చూడాలని గట్టిగా చెబుతాను.

ముందుగా కారు సంగతి. పైన ఉన్నది 1929 ఫోర్డ్ మోడల్ ఎ రోడ్‌స్టర్ ఆకారంలో పోసిన ఫైబర్ గ్లాస్ బాడీ. కింద 1932 ఫోర్డ్ నమూనాలో కొత్తగా తయారైన ఫ్రేమ్. ఇంజన్ షెవర్లే 350 ఘనపు అంగుళాల వి8 (వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లు), గేర్‌బాక్సు 700ఆర్4 ఆటోమేటిక్, వెనక ఫోర్డ్ తొమ్మిదంగుళాల ఇరుసు. ముందు వైపు నాలుగంగుళాల మేర కారును కిందికి దించే ఐ-బీమ్ ఇరుసు. మడ్‌గార్డులు లేకుండా బాడీ ఫ్రేమ్ మీద ఎత్తుగా కూర్చునే ఈ తీరును హైబాయ్ అంటారు. మొత్తం బరువు సుమారు 2,300 పౌండ్లు.

ఈ కలయిక నా ఊహలోంచి పుట్టింది కాదు, దీనికి చరిత్ర ఉంది. మోడల్ ఎ బాడీ తేలిక, దాని నాలుగు సిలిండర్ల ఇంజన్ శక్తి 40 హార్స్ పవర్. 1932లో ఫోర్డ్ సామాన్యుడికి అందే ధరలో 65 హార్స్ పవర్ వి8ను తెచ్చింది, దానితోపాటు మరింత గట్టి ఫ్రేమునూ ఇచ్చింది. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత తేలికపాటి బాడీని కొత్త ఫ్రేమ్ మీద బిగించి మురాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల మీదికి పందేలకు తీసుకెళ్లేవారు. ఆ పందేలను ఒక పద్ధతిలో నడిపించడానికి 1937లో ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) ఏర్పడింది. 1955లో షెవర్లే చిన్న వి8 వచ్చాక ఫ్లాట్‌హెడ్ అని పిలిచే ఆ ఫోర్డ్ వి8 ఇంజన్ క్రమంగా పక్కకు తప్పుకుంది. ఫ్లాట్‌హెడ్‌లో ఎగ్జాస్ట్ మార్గాలు బ్లాకు లోపలి నుంచే బయటికి వస్తాయి కాబట్టి ఆ వేడంతా చల్లబరిచే నీటికే తగులుతుంది. ఆ ఇంజన్ అందం నాకూ ఇష్టమే. కానీ ఫ్రెస్నోలో జూలై నెలలో రోజూ నడపాల్సిన కారుకు నేను షెవర్లేనే ఎంచుకుంటాను, మళ్లీ కట్టినా అంతే.

ఇక ముందు ఇరుసు. నేను పెరిగింది విజయవాడ ఆటోనగర్ పక్కన. అందుకే దీన్ని తొలిసారి చూసినప్పుడు కొత్త వస్తువులా అనిపించలేదు. లారీ కిందికి దూరితే కనిపించేదే ఇది: అడ్డంగా ఒక ఉక్కు దూలం, రెండు చివర్లా చక్రాలు అటూ ఇటూ మళ్లేందుకు ఆధారమైన కింగ్ పిన్‌లు, పైన కమాన్ కట్ట. కాకపోతే లారీకి కమాన్ కట్టలు కుడి ఎడమల బండి పొడవు వెంట రెండుంటాయి. ఫోర్డ్‌కు ఉన్నది ఒక్కటే, అదీ ఇరుసుతో పాటే అడ్డంగా ఉంటుంది. తంటా అంతా ఇక్కడే మొదలవుతుంది.

అడ్డ కమాన్‌కు రెండు చివర్లా షాకిల్‌లు, అంటే కమాన్‌ను ఇరుసుకు కలిపే ఊగే లింకులు, వేలాడుతుంటాయి. వాటి ఊగు వల్ల ఇరుసు మొత్తం కొద్దిగా పక్కకు జరగగలదు. స్టీరింగ్ బాక్సు ఎడమ ఫ్రేమ్ మీద ఉండి, దాని డ్రాగ్ లింక్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) కుడి చక్రం దాకా అడ్డంగా వెళ్లే అమరిక నాది. ఇలాంటి అమరికలో స్టీరింగ్ తిప్పగానే లింకు ముందు ఇరుసును పక్కకు తోస్తుంది, ఆ కాస్త జరుగుబాటు తీరాకే చక్రం తిరుగుతుంది. నడిపేవారి చేతికి అది అచ్చం బాక్సు వదులైనట్టే తెలుస్తుంది. చాలామంది బాక్సు మార్చి చూస్తారు, ఫలితం ఉండదు. దీనికి మందు పాన్‌హార్డ్ రాడ్: ఒక కొస ఫ్రేముకు, రెండో కొస ఇరుసుకు బిగించిన కడ్డీ. దాన్నీ ఎలా పడితే అలా బిగిస్తే కుదరదు. డ్రాగ్ లింక్‌కు సమాంతరంగా, వీలైనంతవరకు అదే పొడవులో ఉండాలి. అప్పుడే గతుకు మీద ఇరుసు లేచినప్పుడు రెండూ ఒకే వంపులో కదులుతాయి. లేకపోతే ప్రతి గతుకూ స్టీరింగ్‌ను తనంతట తనే ఒక లాగు లాగుతుంది. ఆ కడ్డీ పడిన రోజునుంచీ 99 నంబరు హైవే మీద లారీల గాలి తగిలినా కారు గీత తప్పడం లేదు. ఈ కారు మీద నేను చేసిన పనులన్నిటిలో ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ ఇచ్చింది ఇదే.

చక్రాలు గడగడలాడే జబ్బు గురించి కూడా చెప్పాలి. దూలపు ఇరుసు ఉన్న కార్లలో ఒక వేగం దగ్గర గతుకు తగిలితే ముందు చక్రాలు రెండూ విపరీతంగా ఊగిపోతాయి, కారు పూర్తిగా నెమ్మదిస్తే తప్ప ఆగవు. చాలామంది స్టీరింగ్ డ్యాంపర్ బిగించి దాన్ని అణిచేస్తారు. నా దృష్టిలో అది జ్వరానికి తడిగుడ్డ వేయడమే. అసలు కారణం కింగ్ పిన్ అరుగుదలో, టైర్ బ్యాలెన్సో, కాస్టర్ కోణమో (కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం), రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ చివర్ల వదులో అయి ఉంటుంది. ఆటోనగర్‌లో మేస్త్రీలు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి అటూ ఇటూ కుదుపుతారు. టక్కుమని చప్పుడు వస్తే బ్రేకు పెడల్ తొక్కి పట్టుకోమని ఇంకొకరికి చెబుతారు. తొక్కినప్పుడు చప్పుడు ఆగితే తప్పు హబ్ బేరింగుది, ఆగకపోతే కింగ్ పిన్‌ది. ఇక్కడా నేను అదే చేస్తాను. కాస్టర్‌ను 6 డిగ్రీల దగ్గర, టో-ఇన్‌ను (ముందు చక్రాలు లోపలికి మొగ్గే కొలతను) అంగుళంలో ఎనిమిదో వంతు దగ్గర ఉంచుతాను. గ్రీజు పెట్టేటప్పుడు జాకీ మీద చక్రం వేలాడుతుండగా పెడితే బరువు మోసే వైపుకు కూడా గ్రీజు చేరుతుంది.

బ్రేకుల్లో ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. కాలి బలానికి తోడ్పడే బూస్టర్ లేదు, పెట్టడానికి చోటూ లేదు. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ నేల పలక కింద, ఫ్రేమ్ పక్కన దాక్కుని ఉంటుంది. చూడటానికి శుభ్రంగా ఉంటుంది గానీ, అది చక్రాల దగ్గర డిస్కులను పట్టే కాలిపర్ల కన్నా కింద ఉండటం వల్ల కారు ఆగి ఉన్నప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోతుంది. మర్నాడు ఉదయం మొదటి తొక్కుకు పెడల్ నేలదాకా పోతుంది. అందుకే గొట్టం మధ్యలో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వులు తప్పనిసరి: డిస్కుల వైపు 2 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), డ్రమ్ముల వైపు 10 పీఎస్ఐ. రెండిటి ఆకారం ఒకేలా ఉంటుంది. తారుమారైతే డిస్కులు ఎప్పుడూ పట్టుకునే ఉండి కాలిపోతాయి.

బూస్టర్ లేని కారులో కాలి బలాన్ని పెంచేది పెడల్ నిష్పత్తి. కీలు నుంచి పాదం దాకా 12 అంగుళాలు, కీలు నుంచి తోపుడు కడ్డీ దాకా 2 అంగుళాలు ఉంటే ఆరింతలు. మాస్టర్ సిలిండర్ వ్యాసం కూడా అంతే ముఖ్యం. ఒక అంగుళం సిలిండర్‌ను తీసి ఎనిమిదింట ఏడు వంతుల అంగుళం సిలిండర్ పెట్టాక, అదే తొక్కుకు ఒత్తిడి దాదాపు 30 శాతం పెరిగింది. పెడల్ కొంచెం ఎక్కువ దూరం దిగుతుంది, అంతే. పెద్ద సిలిండర్ ఉంటే బ్రేకు బాగా పడుతుందన్న మాట నేను చాలాచోట్ల విన్నాను. లెక్క దానికి సరిగ్గా తలకిందులు.

వేడి విషయంలో నాకు ఎంతో పనికొచ్చిన సూత్రం ఒకటుంది. సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు వేడెక్కితే గాలి చాలడం లేదని అర్థం. హైవే మీద పరుగులో వేడెక్కితే రేడియేటర్ సామర్థ్యమో, నీటి ప్రవాహమో చాలడం లేదని అర్థం. 1932 నమూనా గ్రిల్ ఇరుకైనది, దాని వెనక పట్టే రేడియేటర్ ఎంతైనా చిన్నదే. నా కారు మొదట్లో ఊళ్లో వేడెక్కేది, హైవే మీద చల్లబడేది. ఫ్యాన్ చుట్టూ రేడియేటర్ మొత్తాన్ని కప్పేలా ష్రౌడ్ (గాలిని మళ్లించే తొడుగు) చేయించి, రెక్కలు సగం లోపల, సగం బయట ఉండేలా జరిపాక కుదురుకుంది. 160 డిగ్రీల ఫారెన్‌హీట్ థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటికి దారి తెరిచే వాల్వు) పెట్టమని సలహా ఇస్తారు. అది తెరుచుకునే వేళను మారుస్తుందే తప్ప వేడిని బయటికి పంపే శక్తిని పెంచదు. నాకు 180 డిగ్రీల ఫారెన్‌హీట్‌ది చక్కగా సరిపోయింది. ఇప్పుడు వేసవిలో 168 నంబరు రోడ్డు మీద షేవర్ లేక్ వైపు ఎక్కుతుంటే, ముల్లు కొంచెం లేచి అక్కడే నిలబడుతుంది. ఆ ఎత్తులో దేవదారు వాసన నేరుగా ముఖానికి తగులుతుంటే, తల మీద కప్పు లేని కారును ఎందుకు కోరుకున్నానో నాకు ప్రతిసారీ తెలుస్తుంది.

గేర్‌బాక్సు గురించి రెండు మాటలు. నాలుగో గేరు నిష్పత్తి 0.70 కావడం వల్ల 65 మైళ్ల వేగంలో ఇంజన్ నిమిషానికి సుమారు 2,700 చుట్ల నుంచి 1,900కు దిగుతుంది. పైకప్పు లేని కారులో ఆ తేడా చెవులకు పెద్ద వరం. కానీ కార్బురేటర్ నుంచి గేర్‌బాక్సుకు వెళ్లే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సరిగా అమర్చకపోతే లోపలి ఆయిల్ ఒత్తిడి పడిపోయి క్లచ్ పలకలు కాలిపోతాయి. అది గేరు మారే వేళను సర్దుకునే కేబుల్ మాత్రమే అనుకోవద్దు.

ఫైబర్ గ్లాస్ బాడీ తుప్పు పట్టదు, ధర తక్కువ. ఒహాయోలోని బ్రూక్‌విల్ సంస్థ కొత్త ఉక్కుతో ఇవే బాడీలు చేస్తుంది. చేతిలో డబ్బుంటే అదే కొనమంటాను. ఫైబర్ గ్లాస్‌లో తలుపులు వేలాడే చోట లోపల ఉక్కు గొట్టాల అస్థిపంజరం లేకపోతే ఎండకూ కుదుపుకూ సందులు మారిపోతాయి. వైరింగ్‌లోనూ ఒక మెలిక ఉంది. ఈ బాడీ విద్యుత్తును మోయదు, కాబట్టి ప్రతి దీపానికీ, ప్రతి మీటరుకూ విడిగా ఎర్త్ తీగ లాగాలి. బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలగడం, హెడ్‌లైట్ వేస్తే పెట్రోలు ముల్లు కదలడం వంటి వింతలన్నిటికీ మూలం ఎర్త్ తీగే.

రిజిస్ట్రేషన్‌కు ఓపిక కావాలి. కాలిఫోర్నియాలో ఎస్‌బీ 100 చట్టం కింద, సొంతంగా కట్టిన కార్లలో ఏటా మొదటి 500కు మాత్రమే బాడీ లేదా ఇంజన్ ఏ సంవత్సరపు నమూనాదో చూసి పొగ పరీక్ష నియమాలు నిర్ణయిస్తారు. అందుకే జనవరి మొదటి పనిదినాన తెల్లవారకముందే వరుస కడతారు. బిల్లులన్నీ భద్రంగా ఉంచుకోండి, ప్రతి భాగమూ ఎక్కడ కొన్నారో అడుగుతారు. భారత్‌లో ఇలా కట్టి రోడ్డెక్కించవచ్చా అని బంధువులు అడుగుతుంటారు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చనివ్వదు కాబట్టి, ఆ దారి చాలా ఇరుకు.

ఇతరులు కట్టిన రోడ్‌స్టర్ కొనాలనుకుంటే, ఇంజన్ మోత వినేముందే కారు కిందికి దూరి చూడండి. పాన్‌హార్డ్ రాడ్ ఉందా, డ్రాగ్ లింక్‌తో సమాంతరంగా ఉందా, కమాన్ షాకిల్‌లు 45 డిగ్రీల దగ్గర ఉన్నాయా, బ్రేకు గొట్టం ఎగ్జాస్ట్‌కు ఎంత దూరంలో ఉంది? ఈ నాలుగూ బాగుంటే రంగు వెలిసినా, సీటు చిరిగినా నేను కొంటాను. నా కారులో ఇంకా మిగిలిన పని గుడ్డ టాప్. పక్క అద్దాలు పైకి లేచే ఏర్పాటు రోడ్‌స్టర్‌కు ఉండదు, వాన పడితే పక్క తెరలే గతి. రెండంగుళాలు తగ్గించిన విండ్‌షీల్డ్‌కు సరిపోయేలా టాప్ చట్రాన్ని కోసి అతకాలి. చలికాలం మొదలయ్యేలోగా అది పూర్తి చేయాలని చూస్తున్నాను.