అమెరికా ఎల్‌ఎల్‌సీ పెట్టించి ‘పన్ను సున్నా’ అనే ఏజెన్సీలతో జాగ్రత్త

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటూ అమెరికా కంపెనీలకు కాంట్రాక్టు మీద పని చేస్తున్న సాఫ్ట్‌వేర్ వారికీ, డిజైనర్లకూ ఈ హెచ్చరిక. మీ పేరున అమెరికా రాష్ట్రాలైన వ్యోమింగ్‌లో గానీ డెలావేర్‌లో గానీ ఒక ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత గల కంపెనీ) రిజిస్టరు చేయించి, డాలర్లన్నీ దాని ఖాతాలో పడేలా చేస్తామని, ఆపైన ఎక్కడా పైసా పన్ను ఉండదని చెప్పే ఏజెన్సీలు మన ఊళ్లలోనే ఉన్నాయి. మాదాపూర్‌లోని అటువంటి ఒక ఏజెన్సీకి నేను 85,000 రూపాయలు చెల్లించాను. వారు చెప్పిన మాటల్లో ఏది నిలబడింది, ఏది నిలబడలేదు అన్నది డబ్బు కట్టబోయేవారికి ముందే తెలియాలని రాస్తున్నాను.

వారు మొదట భయపెట్టింది 30 శాతం కోతతో. వ్యక్తి పేరున ఇన్‌వాయిస్ పంపితే అమెరికా క్లయింటు ఆ మేరకు పన్ను పట్టుకుని మిగిలినదే పంపుతాడని, కంపెనీ ఉంటే ఆ బెడద ఉండదని చెప్పారు. ఇది నిజం కాదు. సేవల విషయంలో పని ఎక్కడ జరిగితే ఆదాయం అక్కడ పుట్టినట్టు అమెరికా చట్టం లెక్కిస్తుంది కాబట్టి, అక్కడి పౌరుడూ గ్రీన్‌కార్డుదారూ కానివారు భారతదేశంలో ఉండి చేసిన పనికి ఆ కోత వర్తించదు. క్లయింటు తన రికార్డుల కోసం సాధారణంగా అడిగేది డబ్ల్యూ-8బెన్ అనే ఒక్క పేజీ ఫారం. నా క్లయింటు అకౌంట్స్ విభాగం కోరింది కూడా అదే; కంపెనీ పెట్టమని వారు ఎన్నడూ అడగలేదు.

రెండో మాట ‘పన్ను సున్నా’. ఇందులో సగం నిజముంది, అందుకే అది అంత నమ్మకంగా వినిపిస్తుంది. యజమాని ఒక్కరే అయినప్పుడు, వేరే ఎంపిక చేసుకోకపోతే, ఆదాయపు పన్ను కోసం అమెరికా ఆ ఎల్‌ఎల్‌సీని యజమాని నుంచి వేరు చేసి చూడదు. యజమాని అక్కడ ఉండడు, పని అక్కడ జరగదు, కనుక అక్కడ పన్ను పడదు. అయితే ఏడాదిలో 182 రోజులు లేదా అంతకంటే ఎక్కువ భారతదేశంలో ఉన్నవారికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా సాధారణంగా ఇక్కడ పన్ను పరిధిలోకే వస్తుంది. డబ్బు ఇండియాకు తేనంతవరకు పన్ను లేదని ఏజెన్సీ ప్రతినిధి ఫోనులో చెప్పిన మాటకు చట్టంలో ఎక్కడా ఆధారం లేదు. ఆ మాట ఈమెయిల్‌లో రాసి పంపమంటే మాత్రం పంపలేదు. గట్టిగా నిలదీసినప్పుడు, 50 కోట్ల లోపు టర్నోవరున్న విదేశీ కంపెనీలకు మినహాయింపునిచ్చిన మన ఆదాయపు పన్ను అధికారుల 2017 నాటి సర్క్యులర్‌ను చూపించారు. ఆ సర్క్యులర్ ఉన్నమాట వాస్తవమే. కానీ అది విదేశీ కంపెనీని భారత నివాసిగా ఎప్పుడు పరిగణించాలన్న ప్రశ్నకు సంబంధించినది, ఇక్కడ కూర్చుని మీరు చేసిన పనికి మీకు వచ్చిన ఆదాయానికి అది రక్షణ ఇవ్వదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది వారు అసలు చెప్పకుండా వదిలేసిన విషయం. విదేశీయుడు ఒక్కరే యజమానిగా ఉన్న అమెరికా ఎల్‌ఎల్‌సీ, యజమానితో ఏ లావాదేవీ జరిగినా, పైసా పన్ను లేకపోయినా సరే, ఆ లావాదేవీలను తెలిపే 5472 అనే ఫారాన్ని ఏటా, పేరుకు మాత్రమే నింపే 1120 అనే రిటర్ను ఫారంతో జతపరిచి ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్ను శాఖకు) పంపాలి. కంపెనీ పెట్టడానికి మీరు సమకూర్చిన సొమ్ము కూడా లావాదేవీ కిందికే వస్తుంది కాబట్టి, మొదటి ఏడాది ఈ బాధ్యత నుంచి తప్పించుకునే వారు దాదాపు ఉండరు. గడువు ఏప్రిల్ 15. పంపకపోతే జరిమానా 25,000 డాలర్లు. ‘ఆదాయం లేకపోతే రిటర్ను అవసరం లేదు’ అని నాకు ఏజెన్సీ వాట్సాప్‌లో ఇచ్చిన సమాధానం ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. మరో అకౌంటెంటు దగ్గరికి వెళ్లి, గడువు పొడిగింపు కోసం 7004 ఫారం వేయించి ఆ గండం దాటాను.

వసూలు చేసిన సొమ్ము సంగతి కూడా చెప్పాలి. వ్యోమింగ్ ప్రభుత్వం రిజిస్ట్రేషనుకు తీసుకునేది సుమారు 100 డాలర్లు. ఈఐఎన్ అనే పన్ను సంఖ్యను ఐఆర్‌ఎస్ ఉచితంగా ఇస్తుంది. నా బిల్లులో దానికి ‘ఎక్స్‌ప్రెస్’ రుసుము వేశారు. అమెరికాలో ఏర్పడిన కంపెనీలు అసలు యజమానుల వివరాలు సమర్పించాలన్న నిబంధనను 2025 మార్చిలోనే తొలగించినా, ఆ తర్వాత కూడా ఆ పని పేరిట డబ్బు తీసుకున్నారు. ఈఐఎన్ వచ్చిన ఉత్తరాన్ని రెన్యువల్ సొమ్ము కట్టేదాకా ఇవ్వబోమన్నారు. ఇదే చిక్కులో ఉన్నవారు వారిని బతిమాలుకోనక్కర్లేదు, ఐఆర్‌ఎస్‌కు నేరుగా ఫోన్ చేసి 147సీ అనే ధ్రువీకరణ లేఖ అడిగితే సరిపోతుంది.

మన దేశంలో మిగిలే పని ఇంతకంటే బరువైనది. 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడి నిబంధనల ప్రకారం, ఇటువంటి విదేశీ సంస్థలో వాటా తీసుకునే నివాసి తన బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ సమర్పించి, డబ్బు పంపే ముందే రిజర్వు బ్యాంకు నుంచి యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య పొందాలి, ఆ తర్వాత ఏటా నివేదికలు ఇవ్వాలి. ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏ కింద ఆ కంపెనీనీ, అక్కడి బ్యాంకు ఖాతానూ చూపించాలి. అందులో లెక్క ఆర్థిక సంవత్సరానికి కాదు, జనవరి నుంచి డిసెంబరు వరకు. సులువుగా ఉంటుందని చాలామంది వేసే ఐటీఆర్-4 అనే రిటర్ను ఫారం ఇక పనికిరాదు. చూపించకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు దాటనివారికి 2024 అక్టోబరు 1 నుంచి ఈ జరిమానా వర్తించదు గానీ, చూపించాల్సిన బాధ్యత మాత్రం పోలేదు. దాచిన ఆదాయం బయటపడితే 30 శాతం పన్ను, దానిపై మూడింతలు జరిమానా ఉంటాయి.

ఇంత తతంగం దేనికోసమో చూడండి. ఐటీ, సాంకేతిక కన్సల్టెన్సీ వంటి వృత్తులవారు మన ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 44ఏడీఏ కింద, నగదు వసూళ్లు 5 శాతం మించకుంటే 75 లక్షల రాబడి వరకు, అందులో సగాన్నే ఆదాయంగా చూపి పన్ను కట్టవచ్చు. (2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ సంఖ్య మారింది, వెసులుబాటు ఉంది.) సొంత ఖాతాకే వైర్ (బ్యాంకు బదిలీ) ద్వారా డాలర్లు తెప్పించుకుని, డబ్బు దేనికి వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్‌గా, సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ అయితే పీ0802 చెప్పి, బ్యాంకు నుంచి విదేశీ చెల్లింపు పత్రం తీసుకుంటే లెక్క తేటగా ఉంటుంది. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు ఎల్‌యూటీ అనే హామీ పత్రం సమర్పిస్తే, ఎగుమతి షరతులకు లోబడిన సేవలపై పన్ను కట్టకుండానే ఇన్‌వాయిస్ ఇవ్వవచ్చు.

కార్డు చెల్లింపులు స్వీకరించే సేవ అయిన స్ట్రైప్ కొత్త ఖాతాలను ఇక్కడ ఆహ్వానం ఉన్నవారికే ఇస్తున్నందున, వేలమంది చందాదారుల నుంచి కార్డు చెల్లింపులు తీసుకునేవారికి విదేశీ కంపెనీ అవసరం నిజంగానే ఉండవచ్చు. అటువంటివారు 5472, ఫారం ఎఫ్‌సీ, షెడ్యూల్ ఎఫ్‌ఏ ఈ మూడూ ఎవరు నింపుతారో, ఏటా ఎంత తీసుకుంటారో ఒప్పందంలో రాయించుకున్న తర్వాతే డబ్బు కట్టాలి. ఇప్పటికే కట్టి కంపెనీ మూసేయాలనుకుంటున్నవారు రెన్యువల్ మానేసి ఊరుకోవద్దు: వ్యోమింగ్‌లో రద్దు పత్రం దాఖలు చేసి, ఆ ఏడాదికి ఆఖరి 5472 పంపి, ఖాతా మూసిన ఏడాదికి కూడా షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి.