నయేబాలో పాత రిసార్ట్ ఫ్లాట్: ఆరు చలికాలాల తర్వాత

జపాన్‌లో స్కీయింగ్ ఊరు నయేబాలో ఫ్లాట్ లక్ష యెన్‌కి కూడా దొరుకుతుందని, స్కీయింగ్ మోజు నడిచిన రోజుల్లో కట్టినవని ఇప్పుడు అందరికీ తెలుసు. నెలనెలా కన్రిహి (బిల్డింగ్ నిర్వహణ రుసుము), రిపేర్ల నిధి కట్టాలి. పాత ఓనరు ఆ బాకీలు మిగిల్చి పోతే చట్టప్రకారం కొన్నవాళ్ల మెడకే చుట్టుకుంటాయి. ఇవన్నీ ఏజెంటు కాగితాల్లో ఉంటాయి. వాటిలో లేనిది మిజునుకి. చలికాలంలో ఫ్లాట్ వదిలి వెళ్లే ప్రతిసారీ పైపుల్లో నీళ్లన్నీ దించేయడం. ఈ ఫ్లాట్ మీద నాకున్న కోపమంతా దీని మీదే.

అపార్ట్‌మెంటే కదా, చుట్టుపక్కల ఇళ్ల వెచ్చదనం ఉంటుందిలే అనుకుంటాం. టోక్యోలో అది నిజమే. ఇక్కడ జనవరిలో వారం మధ్య పైనా కిందా పక్కనా ఎవరూ ఉండరు, అన్ని గోడలూ చల్లబడ్డ కాంక్రీటే. దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు, రాత్రిళ్లు మైనస్ 10 దాకా పడిపోతుంది.

పని వరస ఇది. గీజర్ ఆపి, గ్యాస్ కట్టేసి, గుమ్మం పక్క మీటరు పెట్టెలో వాల్వ్ మూసి, కుళాయిలన్నీ తెరవాలి. సింగిల్ లివర్ కుళాయిని ఎత్తి వేడి వైపుకీ చల్ల వైపుకీ నాలుగైదుసార్లు తిప్పాలి. ఒకవైపే వదిలేస్తే రెండో గొట్టంలో నీళ్లు నిలుస్తాయి. గీజర్‌లో నీళ్లు చల్లారాక దాని అడుగు ప్లగ్గులు విప్పాలి. ఫ్లష్ ట్యాంకు, నీళ్లు చిమ్మి కడిగే టాయిలెట్ సీటు ఖాళీ చేయాలి. షవర్ గొట్టం నేలమీదికి వేలాడదీయాలి. చివర్లో కమోడ్‌లోనూ సింక్ కింది వంపులోనూ ప్రొపిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్ (నీళ్లు గడ్డకట్టకుండా ఆపే ద్రవం) పోయాలి. కారుకి వాడేది వద్దు, అది విషం.

ఇంతా చేశాక కూడా మూడో చలికాలంలో షవర్ మిక్సర్, అంటే వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే కుళాయి, చీలింది. థర్మోస్టాట్ మిక్సర్‌కి వేడికొకటి, చల్లకొకటి రెండు చిన్న ప్లగ్గులు ఉంటాయి. మా దాంట్లో అవి అడుగున గోడవైపుకి ఉన్నాయి, వంగి చూస్తే తప్ప కనపడవు. లోపల నీళ్లు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వులు ఉంటాయి కాబట్టి కుళాయి తెరిచినంత మాత్రాన వాటి మధ్య చిక్కిన నీళ్లు దిగవు. అక్కడ మిగిలేది గుక్కెడు నీళ్లే. కానీ గడ్డకడితే నీళ్లు 9 శాతం దాకా ఉబ్బుతాయి, ఇత్తడి మీద వెంట్రుకంత గీత పడింది. మంచు ఉన్నంతసేపూ అదే బిరడాలా ఆపింది. మళ్లీ వచ్చి వాల్వ్ తిప్పి హీటరు వేసిన అరగంటకి కారడం మొదలైంది, కింది ఫ్లాట్ సీలింగ్‌కి మరక పట్టింది. మిక్సర్‌కి 40,000 యెన్ పైనే అయింది. సీలింగ్ ఖర్చు వ్యక్తిగత బాధ్యత బీమా భరించింది. ఆ బీమా లేకుండా ఇక్కడ ఒక్క చలికాలం కూడా గడపొద్దు.

అప్పట్నుంచి మళ్లీ వచ్చిన ప్రతిసారీ ప్లగ్గులన్నీ బిగించి, కుళాయిలు మూసి, వాల్వ్ పావువంతే తిప్పి మీటరు చూస్తున్నా. నక్షత్రంలా ఉండే చిన్న చక్రం పైపులు నిండేదాకా తిరిగి ఆగిపోవాలి. ఆగకపోతే ఎక్కడో కారుతున్నట్టే. ఇంకోటి, రెండ్రోజులకే వెళ్తున్నాం కదా అని నీళ్లు దించకుండా మెయిన్ స్విచ్ ఆపేయకండి. గీజర్ గడ్డకట్టకుండా కాపాడే హీటరు కరెంటుతోనే పనిచేస్తుంది. అదైనా గీజర్‌నే కాపాడుతుంది, పైపుల్ని కాదు.

కింది అంతస్తులో అందరికీ కలిపి ఉన్న పెద్ద స్నానశాల కోసమే కొనొచ్చని మొదటి ఏడాది చాలామందికి చెప్పాను. ఇప్పుడైతే, సీజన్ కాని రోజుల్లో అది ఏయే వారాలు తెరుస్తారో కొనేముందే అడగమంటాను. తెరిచి ఉంటే మాత్రం బయల్దేరే రోజు పొద్దున్నే ఫ్లాట్‌లో నీళ్లు దించేసి, అక్కడ తీరిగ్గా స్నానం చేసి బస్సెక్కొచ్చు.

టోక్యోలో ఉంటూ చలికాలంలో నెలకి రెండుసార్లు వెళ్లే మాకు ఇది గిట్టుబాటే. హైదరాబాద్ నుంచి ఏడాదికోసారి వచ్చేవాళ్లయితే, డబ్బు తీసుకుని నీళ్లు దించిపెట్టే మనిషి బిల్డింగ్ ఆఫీసులో ఉన్నాడో లేదో ముందు కనుక్కోండి. ఉన్నాడంటే, ఆ మిక్సర్ ప్లగ్గులు కూడా విప్పుతాడా అని అడగండి.