‘గోస్ట్స్ ఆఫ్ సాల్ట్‌మార్ష్’ కొనేవాళ్లు జాగ్రత్త, నకిలీ కాపీలు తిరుగుతున్నాయి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులో పాత్రలుగా ఆడే టేబుల్ గేమ్) ఆడించే మిత్రులందరికీ హెచ్చరిక. సగం ధరకే కొత్త హార్డ్‌కవర్ అని పెడితే, ఒక ఆన్‌లైన్ సెల్లర్ దగ్గర ఆ గేమ్‌లో ఆడించే కథలున్న ఈ పుస్తకం తెప్పించాను. వచ్చింది స్కాన్ చేసి ప్రింట్ కొట్టిన నకిలీ. అట్ట అచ్చం అసలుదానిలాగే ఉంది. లోపల కుట్టు లేదు, ఉత్త జిగురే. టేబుల్ మీద తెరిచి పెడితే చాలు, పేజీలు ఊడి చేతికొస్తున్నాయి.

పేజీలైతే మళ్లీ అంటించుకోవచ్చు. అసలు దెబ్బ మ్యాపుల దగ్గర తగిలింది.

(ప్లేయర్లుగా ఆడబోయేవాళ్లు ఈ రెండు పేరాలూ వదిలేయండి, సస్పెన్స్ పోతుంది.) ఇందులో మొదటి అడ్వెంచర్ (ఆడించే కథ) 1981లో వచ్చిన ‘ది సినిస్టర్ సీక్రెట్ ఆఫ్ సాల్ట్‌మార్ష్’కే కొత్త రూపు. సాల్ట్‌మార్ష్ ఊరి బయట, సముద్రపు ఒడ్డున, ఒకప్పటి ఆల్కెమిస్ట్ (రసవాది) ఇల్లు పాడుబడి ఉంటుంది. దయ్యాలున్నాయని జనం అటు పోరు. స్మగ్లర్లకు కావలసిందీ అదే. నేలమాళిగ గోడలో రహస్య ద్వారం, దాని వెనక సన్‌బాలెట్ అనే నాయకుడి స్మగ్లర్ ముఠా మకాం, అక్కణ్నుంచి కిందికి సముద్రపు గుహలు. ఇంట్లోంచి దీపంతో సైగ చేస్తే ‘సీ ఘోస్ట్’ ఓడ నుంచి సరుకు దిగుతుంది. ఎంత చక్కగా అల్లారో!

ఆ తలుపు దొరికితేనే కథ ముందుకు సాగుతుంది. డీఎమ్ (గేమ్ నడిపించేవాళ్లు) మాత్రమే చూసే మ్యాప్‌లో రహస్య ద్వారాలకు ‘ఎస్’ అక్షరం గుర్తు. ఈ నకిలీలో గోడలూ నేలా కలిసిపోయి బూడిదరంగు మరకలా ఉంది. మిగిలిన ఒకటి రెండు ‘ఎస్’లు అంచులు అరిగి 5 అంకెలా కనిపిస్తాయి, గది నంబరేమో అనిపించేలా. మా ప్లేయర్లు కథలో గోడలు తట్టి చూస్తూ “ఎక్కడైనా డొల్లగా మోగుతోందా?” అని సరిగ్గా అడగాల్సిందే అడిగారు. నా ముందున్న మ్యాప్‌లో దానికి జవాబు లేదు. గేమ్ అక్కడే ఆపేయాల్సి వచ్చింది. మొదటిసారి ఆడటానికి వచ్చినవాళ్ల మొహాలు చూస్తే చాలా బాధేసింది.

సెల్లర్‌ని అడిగితే “ఇంపోర్టెడ్ ఐటమ్, రిటర్న్ లేదు” అన్నాడు. ఆ మాట చెల్లదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదు. సైట్ వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) 48 గంటల్లోగా ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

డబ్బు కట్టే ముందే మ్యాప్ పేజీ, పుస్తకం వెన్ను ఫొటోలు పంపమనండి. అసలు పుస్తకం 256 పేజీలు, రంగుల్లో ఉంటుంది. ఫొటో పంపడానికి నసిగితే అక్కడితో వదిలేయండి. “అఫీషియల్ పీడీఎఫ్” అన్నవాళ్లనీ నమ్మొద్దు, 2019 నాటి ఈ పుస్తకాన్ని పబ్లిషర్ పీడీఎఫ్‌గా అమ్మడం లేదు. డిజిటల్ కాపీ కావాలంటే ఈ గేమ్ అధికారిక సైట్ డీ అండ్ డీ బియాండ్‌లో తీసుకోవచ్చు. ఏ సెల్లరైనా సరే, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి, ఫిర్యాదుకు అదే ఆధారం.